లెక్కలోకి రాని చిలక కాట్లు

ముంగిట్లో ఉన్నవాళ్లు, ఉన్నవి

మొఘల్‌పురాలో పాల యాదయ్య ఇంటి ముంగిలి. వానాకాలం, పొద్దున పాలు పోసే వేళ. నేను వెళ్లేసరికి అక్కడ ఉన్నవాళ్లూ, ఉన్నవీ ఇవి: గడప పక్కన పీట మీద యాదయ్య తల్లి మల్లమ్మ, ఆమె ముందు పాల బిందె, చేతిలో కొలత లోటా. చేతులు కట్టుకుని నిలబడ్డ యాదయ్య. చూపుడు వేలికి పసుపు గుడ్డ చుట్టుకున్న అతని భార్య సత్తెమ్మ. పాలకు వచ్చి పాల సంగతే మరిచిపోయిన పక్కింటి హుసేనీ బీ. తలుపు బార్లా తీసిన ఇనుప పంజరం. పంజరం నెత్తిన ఒక చిలక, మగది, మెడ చుట్టూ ఎర్రని గీత, నడినెత్తిన సగం ఈకలు లేవు. కింద నేల నిండా పచ్చటి ఈకలు. చిలక ముందు ఒక పళ్లెం, అందులో జామకాయ ముక్కలు, పచ్చి మిరపకాయలు, ఒక లడ్డూ. ఇక మందుల పెట్టెతో నేను.

ఇలా వరుసగా రాసుకోవడం నాకు అలవాటు. రోగి దగ్గరికి వెళ్లగానే ముందు చుట్టూ ఏమున్నాయో చూసుకో అని కాలేజీలో నేర్పారు. పళ్లెంలో లడ్డూ ఉంటే దాని అర్థం ఏమిటో మాత్రం నేర్పలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పశువైద్యం చదివి, పాతబస్తీలో ఒక పశువుల దవాఖానాలో కొత్తగా చేరాను. పందొమ్మిది వందల ముప్ఫైల చివరి సంగతి. ఆ తరువాత చాలాకాలం అదే పని చేశాను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఎందుకు రాలేదో ఇక్కడ రాయను. అవి చదివితే ఎవరికీ ఒక్క జంతువును పట్టుకోవడం కూడా రాదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొచ్చేది ఒకటి చెప్పమంటే మాత్రం నేను గుర్రాల గురించి చెప్పను. ఈ చిలక గురించి చెబుతాను.

అలక

"ఏమైంది?" అని అడిగాను.

"అలిగింది సార్," అంది మల్లమ్మ. "మా యాదిగాడు పంజరాన్ని ఎడమ దిక్కుకెల్లి తీసి కుడి దిక్కుకు పెట్టిండు. గా దినం సంది మొకం తిప్పుకుంది. పలుకుత లేదు. ఎవలు పోయినా కరుస్తున్నది."

మన ఇళ్లలో కొత్త అల్లుడు అలిగితే ఏం చేస్తారో ఆ ఇంట్లో చిలకకు అదే చేస్తున్నారు. ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు వచ్చి బతిమాలుతున్నారు. అలక తీర్చడానికి మనిషిని నిమరాలి, బుజ్జగించాలి, తీపి తినిపించాలి. లడ్డూ అందుకే వచ్చింది.

నా కళ్లముందే సత్తెమ్మ రెండోసారి వెళ్లింది. "మిట్టూ, తప్పయింది. మొన్న నీ జామకాయ నేనే తిన్న," అని తల నిమరబోయింది. మిట్టూ ఆమె రెండో చూపుడు వేలు కూడా కరిచింది.

"గది మిట్టూ జామకాయ కాదే, నాది," అన్నాడు యాదయ్య. "పిల్లి తిన్నది అన్నవు గదా!"

"నేను నీకు చెప్తున్ననా? చిలకకు చెప్తున్న."

హుసేనీ బీ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "చెప్పనీ భాయ్, చెప్పనీ. ఇంకా ఏమేం బయటపడ్తయో చూద్దాం."

"దిష్టి తీశారా?" అన్నాను.

"ఎండు మిరపకాయలు కాల్చినం. మస్తు పొగ వచ్చింది. ఇంట్ల అందరం దగ్గినం. గప్పుడు ఇంకింత కోపం వచ్చింది దానికి," అంది మల్లమ్మ.

జేబులోంచి భూతద్దం తీసి చిలక నెత్తి చూశాను. రోగం లేదు, అలక లేదు. ఏటా వచ్చేదే. పాత ఈకలు రాలి కొత్తవి వస్తున్నాయి. పాతబస్తీలో పిట్టలు పెంచేవాళ్లు దీన్ని కురీజ్ అంటారు. కొత్త ఈక ముందు సన్నని గొట్టంలో ముల్లులా పొడుచుకొస్తుంది. లోపల నెత్తురు పారుతూ ఉంటుంది. దాన్ని ముట్టుకుంటే నొప్పి, ముట్టుకోకపోతే దురద. ఒళ్లంతా అటువంటి ముళ్లు మొలిచిన ప్రాణిని ప్రేమతో నిమిరితే కరవక ఏం చేస్తుంది? పైగా మిరపకాయల పొగ.

ఇదంతా నేను చూపుడు వేలు ఎత్తి వివరించాను. వేలు చిలకకు బాగా దగ్గరగా ఉంది.

"అబ్బా!" అన్నాను.

నా వేలి నుంచి నెత్తురు కారుతోంది. ఎవరూ నా వేలు చూడలేదు. అందరూ యాదయ్య ముఖం చూస్తున్నారు.

"అయిపోయింది," అన్నాడు యాదయ్య. "మళ్లొక బయటి మనిషిని కరిచింది. నేను చెప్పిన. చౌక్‌ల పిట్టలమ్మేటోనికి ఇచ్చేస్త."

మల్లమ్మ పీట

అసలు కథ అప్పుడు తెలిసింది. మల్లమ్మకు కళ్లు సరిగా ఆనవు. ఎదుట ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. అయినా కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ పీట ఆమెదే. ఎవరికి ఎన్ని పాలు పోయాలో ఆమెకు నోటికి వచ్చు. వచ్చింది ఎవరో మిట్టూ చెబుతుంది. దానికి పేర్లు రావు. మనిషి మనిషికి ఒక చప్పుడు పెట్టుకుంది. హుసేనీ బీ వస్తే "సలాం" అంటుంది. బడిపంతులు వస్తే ఆయన తుమ్ము తుమ్ముతుంది. హవేలీ వంటవాడు వస్తే "జల్దీ జల్దీ" అని అరుస్తుంది. మల్లమ్మ ఆ చప్పుడు విని, ఆ మనిషికి పోయవలసిన పాలు కొలిచి పోస్తుంది.

ఈకలు రాలడం మొదలైన దగ్గర నుంచి మిట్టూ నోరు విప్పలేదు. ముందు రోజే హవేలీ వంటవాడి చెవి కరిచింది. అతను పాలు మానేశాడు. దానితో యాదయ్య, ఇంకొక్క బయటి మనిషిని కరిస్తే చిలక ఇంట్లో ఉండదని తేల్చి చెప్పాడు.

"అమ్మా, నీ కోసమే చెప్తున్న," అన్నాడు. "చిలక లేకుంటే నీకు మనుషులు తెల్వరు. సత్తెమ్మ కూసుంటది పాల కాడ. నువ్వు లోపల ఆరాం చెయ్యి."

"ఆరామా?" అంది మల్లమ్మ. "లోపల కూసొని గోడతోటి ముచ్చట పెట్టాల్నా?"

"మరి డాక్టర్ సాబ్‌ను కరిచె గద."

మల్లమ్మ లోటా బిందె మీద పెట్టింది. "డాక్టర్ బయటి మనిషెట్లయితడురా? నీ బర్రె ఈనలేకపోతే మోచెయ్యి దాకా లోపల పెట్టేటాయన బయటి మనిషా?"

యాదయ్య నా వైపు, నా మోచేతి వైపు చూశాడు.

"సరే," అన్నాడు. "డాక్టర్‌ది లెక్కల్కు రాదు."

నా చదువుకు నా ఉద్యోగంలో దొరికిన మొదటి గుర్తింపు అదే.

"ఇప్పుడు మందు ఏం ఇస్తవు సార్?" అంది మల్లమ్మ.

"మందేమీ అవసరం లేదు. దాని మానాన దాన్ని వదిలేయండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది."

ఇది పుస్తకంలో ఉన్న సరైన జవాబు. ఆ ముంగిట్లో ఒక్కరికీ నచ్చలేదు. "ఏం చెయ్యద్దా?" అంది సత్తెమ్మ, నేను పెట్టె తెరవకుండానే పోతున్నానని కనిపెట్టి. నేను సందు మలుపు తిరగకముందే వాళ్లు చిలకకు ఆముదం రాయాలా, నెయ్యి రాయాలా అని లొల్లి మొదలుపెట్టారు.

మా పెద్ద సాబ్

దవాఖానాలో నా పైవాడు ఖాసిం సాబ్. నిజం చెప్పాలంటే గుర్రాల విషయంలో ఆయనంతటి వైద్యుణ్ని నేను మళ్లీ చూడలేదు. మిగతా విషయాల్లో బద్ధకస్తుడు. రేసులున్న రోజు మలక్‌పేట రేసుకోర్సు వైపు ఏదో ఒక గుర్రానికి తప్పకుండా జ్వరం వచ్చేది, ఆయన తప్పకుండా వెళ్లేవారు. రెక్కలున్న ప్రాణులన్నీ నాకు వదిలేశారు. చిన్నప్పుడు ఒక కోడిపుంజు తనను వీధి చివరి దాకా తరిమిందని, అప్పటి నుంచీ పిట్టలంటే నమ్మకం లేదని తానే చెప్పారు.

చిలక సంగతి చెప్పి, "నేను సరిగ్గానే చెప్పాను కదా సాబ్?" అన్నాను.

"సరిగ్గనే చెప్పినవ్ మియా. గందుకే ఎవరూ వినలే."

"మరి?"

"నాతోటి కిషన్‌బాగ్ రా."

కిషన్‌బాగ్‌లో ఒక గేదె పాలు చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, మానేసింది. పొదుగు బాగానే ఉంది, ఒళ్లు బాగానే ఉంది. సమస్య యజమాని. ఆయన గేదె చుట్టూ తిరుగుతూ, ఏడుస్తూ, ప్రతి నిమిషం పొదుగు ముట్టుకుంటున్నాడు. ఖాసిం సాబ్ ఆయన నెత్తిన నీళ్ల బకెట్ పెట్టి, "చుక్క ఒలకకుండ ఇంటి చుట్టు తిరుగు. నేను పిలిచేదాంక ఆగద్దు," అన్నారు. మేము చాయ్ తాగాం. గేదె ప్రశాంతంగా నెమరు వేసుకుంది. చాయ్ అయ్యాక దూడను వదిలితే పాలు చేపింది.

తిరిగి వస్తుంటే అడిగాను. "ఆ బకెట్ గేదెకు మందా సాబ్?"

"నహీ. మాలిక్‌కు మందు," అన్నారు. "ఏం చెయ్యద్దు అని ఎవరికీ చెప్పకు మియా. ఇంటోళ్లకు పని చెప్పు. నువ్వు చెప్పకుంటే వాళ్లే ఒక పని వెతుక్కుంటరు. గది జానవర్ పాణం మీదికొస్తది."

ఆయనకు రేసుల పిచ్చి ఉండవచ్చు. నా కాలేజీ చదువంతా ఒక పక్క పెడితే, ఈ మాట ఇంకో పక్క సరిగ్గా తూగుతుంది.

బాలింత

మర్నాడు దారి పొడుగునా ఆలోచించాను. ఈకలు రాల్చే చిలకకు కావలసినవి: చప్పుడు లేని మూల, గాలి తగలని చోటు, గోరువెచ్చని నీళ్లు, బలమైన తిండి, మీద పడి ముద్దు చేసేవాళ్లు లేకపోవడం. ఈ వరుస నేను ఇంతకుముందు ఎక్కడో విన్నాను. మొఘల్‌పురా కమాను దాటుతుండగా తట్టింది. మా అక్క కాన్పుకు వచ్చినప్పుడు మా అమ్మ చేసినవన్నీ ఇవే.

"అమ్మా, మిట్టూ అలగలేదు," అన్నాను మల్లమ్మతో. "దాన్ని బాలింత అనుకోండి."

"మగది గదా సార్," అన్నాడు యాదయ్య.

"నువ్వు నోర్ముయ్యిరా," అంది మల్లమ్మ. ఆమె ముఖం విచ్చుకుంది. "బాలింతా! గట్ల చెప్పు మరి. ముందే చెప్తే ఇంత లొల్లి ఎందుకు? గది మాకు తెల్వని పనా?"

అరగంటలో పంజరం లోపలి గది మూలకు చేరింది. మూడు పక్కలా పాత చీర కట్టారు. గుమ్మం దగ్గర సత్తెమ్మ కాపలా. సందులో పిల్లలు అరిస్తే ఆమె బయటికి వచ్చి, "ఇంట్ల బాలింత ఉన్నది, తెల్వదా?" అని కసిరేది. నేను చెప్పినట్టు నానబెట్టిన శనగలు, ఉడికించిన గుడ్డు పెట్టారు. నా జీవితంలో ఏ వైద్య సలహానూ ఎవరూ ఇంత శ్రద్ధగా పాటించలేదు.

పాటించడం ఎక్కడ ఆపాలో చెప్పకపోవడమే నా పొరపాటు. బాలింత అన్నాక వాళ్లకు తెలిసినవన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ఎల్లిపాయ కారం ముద్ద పెట్టారు. సాంబ్రాణి పొగ వేయబోతుంటే పరుగున వెళ్లి నిప్పుల మూకుడు లాక్కున్నాను. ఒక రోజు వెళ్లేసరికి మల్లమ్మ దూది ఉండలు చేస్తోంది.

"ఎందుకమ్మా?"

"గాలి పోకుండ చెవుల్ల పెట్టాలె గద. దీని చెవులు ఏడున్నయో దొరుకుత లెవ్వు కొడుకా. జర చూపియ్యి."

చూపించాను. చూపించినందుకు మిట్టూ నన్ను కరిచింది. దూది ఆలోచన మానుకున్నారు.

ఇక గోరువెచ్చని నీళ్లు చిలకరించాలి, తిండి గిన్నె మార్చాలి, రాలిన ఈకలు తీయాలి. ఇవన్నీ దగ్గరికి వెళ్లి చేసే పనులు. వెళ్లిన ప్రతిసారీ సత్తెమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చేది. "సార్, మీరే చెయ్యుండ్రి. మీది లెక్కల్కు రాదు గదా." దవాఖానాకు వెళ్లే దారిలో, వచ్చే దారిలో ఆగి చేసేవాణ్ని. నీళ్లు చల్లితే మిట్టూ కళ్లు మూసుకుని హాయిగా రెక్కలు విప్పేది. అయిపోయాక కరిచేది. నేను "అబ్బా!" అనేవాణ్ని. మల్లమ్మ పక్క గదిలోంచి, "కరిచిందా సార్? మంచిది, బలం వస్తున్నది," అనేది.

ఈలోగా పాల దగ్గర సత్తెమ్మ కూర్చుంది. మల్లమ్మ గుమ్మం లోపల కూర్చుని, బయట లోటా బిందెకు తగిలిన ప్రతి చప్పుడుకూ తల ఎత్తేది. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి పిలిచి, నెమ్మదిగా అడిగింది. "మళ్ల పలుకుతదా సార్? నిజం చెప్పు. పలకకుంటే నా పీట పోయినట్టే."

ఈకల గురించి నేను హామీ ఇవ్వగలను. మాటల గురించి ఏ పుస్తకంలోనూ లేదు. "పలకాలి అమ్మా," అన్నాను.

ఇరవై ఒకటో రోజు

బాలింత అన్నాక ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేడుక వస్తుందని నేను ఆలోచించలేదు.

దవాఖానాకు వెళుతూ ఆగితే ముంగిలి నిండా ఆడవాళ్లు. పంజరాన్ని బయటికి తెచ్చి, దూలానికి వేలాడదీసి, బంతిపూలు చుట్టి తొట్టెల చేశారు. మిట్టూ తొట్టెల నెత్తిన కూర్చుని ఉంది. నెత్తి మీద ముళ్లన్నీ విచ్చుకుని నున్నటి పచ్చని ఈకలయ్యాయి. పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఒక్క మాట మాత్రం మాట్లాడడం లేదు.

హుసేనీ బీ ఎండు ఖర్జూరాలు తెచ్చింది. "మల్లమ్మా, ఒక్క ముచ్చట అడుగుత," అంది. "బాలింత ఇదే. మరి తొట్టెల్ల ఎయ్యనీకి బిడ్డ ఏదీ?"

"గిదే," అంది మల్లమ్మ. "పాత ఈకల మిట్టూ బాలింత. కొత్త ఈకల మిట్టూ బిడ్డ. సమజయిందా?"

"అయింది," అంది హుసేనీ బీ. అంతకంటే అడగడం మర్యాద కాదనుకుంది.

యాదయ్య గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని పక్కన నేల మీద చౌక్‌కు తీసుకెళ్లే చిన్న వెదురు బుట్ట ఉంది. "ఇంతమంది బయటోళ్లు," అన్నాడు నాతో. "ఒక్క కాటు సార్. ఒక్కటి చాలు."

అప్పుడే హుసేనీ బీ ఖర్జూరం పట్టుకుని తొట్టెల దగ్గరికి వెళ్లింది. మిట్టూ మెడ సాచింది, కళ్లు చిన్నవి చేసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. గుంపును తోసుకుని వెళ్లి, చిలక ముక్కుకూ ఆమె వేళ్లకూ మధ్య నా చెయ్యి పెట్టాను.

"అబ్బా!"

"హుసేనీ బీకి వేసిన కాటు అది!" అన్నాడు యాదయ్య.

"నెత్తురు ఎవరిదిరా?" అంది మల్లమ్మ.

"సార్‌ది."

"మరి కాటు ఎవరిది?"

యాదయ్య నా చేతిని పరీక్షగా చూడడానికి వంగాడు. అతనికి పెద్ద మీసాలు, నెరిసినవి, కొసలు ముళ్లలా నిలబడి ఉంటాయి. మిట్టూ వాటిని చూసింది. ఇరవై రోజులుగా దాని ఒంటి మీద ఉన్నవి కూడా అలాంటివే. ఒక్క గెంతు గెంతి అతని భుజం మీద వాలి, మీసం కొసను ముక్కుతో పట్టుకుంది. అందరూ కళ్లు మూసుకున్నారు. యాదయ్య కూడా.

అది కరవలేదు. ఒక్కొక్క వెంట్రుకనూ మొదలు నుంచి కొస దాకా మెల్లగా దువ్వడం మొదలుపెట్టింది.

"సార్," అన్నాడు యాదయ్య పెదవులు కదపకుండా. "తియ్యుండ్రి."

"తీస్తే కరుస్తుంది."

"మరి నేను?"

"కదలకుండా ఉండండి. కరిచినా ఫికర్ లేదు, మీరు బయటి మనిషి కాదు."

ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. పెరట్లో గేదెలు అరుస్తున్నా యాదయ్య కదలలేదు. కుడి మీసం అయ్యాక మిట్టూ నెత్తి మీదుగా నడిచి ఎడమ భుజానికి వచ్చింది. కాసేపటికి యాదయ్య ముఖం మెత్తబడింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉన్నట్టు కనబడింది. చిలక మళ్లీ పలికే దాకా ఉండనీ అన్నట్టు వెదురు బుట్టను మాత్రం అక్కడి నుంచి తీయలేదు.

నాకు దవాఖానాకు ఆలస్యమైంది. చేతికి గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆడవాళ్లు లేరు, పూలు లేవు. పంజరం దూలం దిగి గుమ్మం పక్కకు వచ్చింది, ఈసారి ఎడమ దిక్కునే. మల్లమ్మ లోపలే కూర్చుని ఉంది. నేను చెప్పులు విడిచి గడప మీద కాలు పెట్టాను.

పంజరం మీద నుంచి మిట్టూ గట్టిగా అంది:

"అబ్బా!"

అచ్చంగా నా గొంతు. నా నొప్పితో సహా.

"డాక్టర్ సార్ వచ్చిండు," అంది మల్లమ్మ లోపలి నుంచి. అన్నాక ఆమెకే అర్థమైంది. గోడ పట్టుకుని లేచి, బయటికి వచ్చి, తడుముకుని పీట వెతుక్కుని కూర్చుంది. సత్తెమ్మ లోటా ఆమె చేతికిచ్చింది. యాదయ్య వెదురు బుట్ట తీసుకెళ్లి, అందులో పిడకలు పోశాడు.

మర్నాడు బడిపంతులుకు తుమ్మిందట. ఆ పై వారం మళ్లీ పాలకు వచ్చిన హవేలీ వంటవాడికి "జల్దీ జల్దీ" అని కూడా అరిచింది. యాదయ్య రోజూ పాలు పితికాక పంజరం దగ్గర పీట వేసుకుని మీసం దువ్వించుకునేవాడు. మల్లమ్మ ఉన్నంతకాలం పాల దగ్గర ఆమే కూర్చుంది.

నేను ఆ దవాఖానాలో ఉన్నన్నాళ్లు, ప్రతి వానాకాలం ఈకలు రాలడం మొదలవగానే నాకు కబురు వచ్చేది. ప్రతిసారీ వెళ్లాను. కొత్తగా వచ్చే పిల్లలు నా చేతుల మీద మచ్చలు చూసి, ఇవి ఏ గుర్రం చేసినవి, ఏ ఎద్దు చేసినవి అని అడుగుతుంటారు. అందుకని లెక్క ఇక్కడ రాసి పెడుతున్నాను. మిట్టూ నన్ను కరిచినవి: ముప్ఫై ఒకటి. లెక్కలోకి వచ్చినవి: సున్నా.